సత్తువ ఎవరిస్తారు: ఉద్దానంలో ఒక డయాలసిస్ గది

డయాలసిస్ యంత్రం ఒక రోగికి వారంలో మూడుసార్లు, సారికి నాలుగేసి గంటల చొప్పున మొత్తం 12 గంటలు పనిచేస్తుంది. మూత్రపిండాలు అదే వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. లోటు గంటల్లోనే ఉంటే యంత్రాన్ని ఇంకాస్త ఎక్కువసేపు నడిపి సరిపెట్టుకోవచ్చు. కానీ యంత్రం చేసేది తీసేయడమే. నీరు, యూరియా, పొటాషియం తీసేస్తుంది. మూత్రపిండం తీసేస్తూనే ఒంటికి ఇస్తుంది కూడా. ఎర్రకణాలను పుట్టించే హార్మోను, విటమిన్ డి తుది రూపం, రక్తపోటును నిలబెట్టే రెనిన్, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కొంత గ్లూకోజు అక్కడినుంచే వస్తాయి. ఇన్సులిన్ పని ముగిశాక దాన్ని విరిచేయడంలోనూ మూత్రపిండానికి వాటా ఉంది. ఈ రెండో సగం పని ఆగిపోతే మనిషి ఎలా ఉంటాడో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ డయాలసిస్ గదిలోనైనా కనిపిస్తుంది.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరుచుకున్న ఉద్దానం జీడి, కొబ్బరి తోటల సీమ. ఇక్కడ షుగరు, బీపీ ఎరగని రైతులకూ కూలీలకూ కిడ్నీ జబ్బు వస్తోంది. భూగర్భ జలాల్లోని సిలికాను, భారలోహాలను, పురుగుమందులను, ఎండలో చెమటోడ్చే పనిని, వంశ లక్షణాలను అనుమానించారు. ఏదీ ఒక్కటే కారణమని తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకమూ వచ్చింది.

ఈ కథనం కోసం చూసిన గదిలో మంచాలకన్నా, యంత్రాలకన్నా ముందుగా చెప్పుకోవలసినవి టెక్నీషియన్ చేతులు. పాతికేళ్ల కుర్రవాడు. రోగి ముంజేతి మీద రెండు వేళ్లు ఆనించి కాసేపు కదలకుండా ఉంటాడు. ధమనిని సిరకు కలిపి కుట్టిన ఫిస్టులా లోపల రక్తం గిరగిర తిరుగుతూ చర్మం కింద సన్నగా అదురుతుంది. ఆ అదురు తెలిశాకే సూది తీస్తాడు. నిన్నమొన్న గుచ్చిన చోటు వదిలి, దానికి కాస్త ఎగువన, సూది కొనను వాల్చి లోపలికి తోస్తాడు. రక్తం వెళ్లడానికి ఒకటి, తిరిగి రావడానికి ఇంకొకటి. “మావా, సెయ్యి కదపకు” అంటాడు. మావ అప్పటికే కళ్లు మూసుకున్నాడు. నిమిషానికి పావు లీటరుకు పైగా రక్తం గొట్టంలోకి వెళ్తుంటే, అవతల అర లీటరు డయాలసిస్ ద్రవం దానికి ఎదురు ప్రవహిస్తుంది. నాలుగు గంటల్లో ఆ ద్రవమే 120 లీటర్లు. పని అయ్యాక సూదులు తీసి, గాజ్ గుడ్డతో అదిమిపట్టి, నెత్తురు ఆగిందాకా చెయ్యి వదలడు. ఆ శ్రద్ధలో వంక పెట్టడానికేమీ లేదు.

పక్క మంచం మీది నడివయసు ఆవిడ ఫిర్యాదు మాత్రం చెవిలో నిలిచిపోతుంది: “నీరు తీసేస్తన్నారు గానీ, సత్తువ ఎవుడిస్తాడు బాబూ?” ఆమె అడిగినదానికి శరీరశాస్త్రంలో కచ్చితమైన జవాబు ఉంది.

ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ మొదట్లో ఉండే రక్తనాళాల ఉండ జల్లెడలా పనిచేస్తుంది; ఈ ఉండలన్నీ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. ఆ వెనకాల మెలికలు తిరిగిన నాళికలు కావలసినదంతా తిరిగి పీల్చుకుని, లీటరున్నరను మాత్రమే మూత్రంగా వదులుతాయి. హార్మోన్ల పని ఎక్కువగా జరిగేది ఈ నాళికల్లో, వాటి మధ్య కణజాలంలో. ఉద్దానం జబ్బు ముందుగా దెబ్బతీసేదీ ఆ చోటునే. జల్లెడ మొదట్లో బాగానే ఉంటుంది కాబట్టి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, నురగ రాదు, కాళ్లు వాయవు. మనిషికి జబ్బు సంగతి తెలిసేసరికే కిడ్నీలు కుదించుకుపోయి ఉంటాయి.

సత్తువ పోవడానికి మొదటి కారణం రక్తహీనత. నాళికల పక్కనుండే కొన్ని కణాలు రక్తంలో ఆక్సిజన్ తగ్గిన సంగతి పసిగట్టి ఎరిత్రోపోయెటిన్ అనే హార్మోను వదులుతాయి. అది ఎముక మజ్జకు చేరి ఎర్రకణాలు పుట్టించమంటుంది. పెద్దవారిలో దీనిలో దాదాపు 90 శాతం మూత్రపిండాలదే. ఆ కణజాలం మచ్చకట్టిపోతే పిలుపూ ఆగిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం 1977లో ఈ హార్మోనును శుద్ధ రూపంలో వేరుచేసింది. రక్తహీనత రోగుల మూత్రం 2,500 లీటర్లకు పైగా జపాన్‌లో సేకరిస్తే గాని అది సాధ్యపడలేదు. 1989 నుంచి ఇంజెక్షన్‌గా వాడుకలో ఉంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో తేల్చిన విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. ఇంజెక్షన్ ఒక్కటే చాలదు. ఐరన్ నిల్వలు లేకపోతే మజ్జ దగ్గర సరుకుండదు. హిమోగ్లోబిన్‌ను మామూలు మనుషుల స్థాయికి పెంచబోతే పక్షవాతం ముప్పు పెరుగుతుందని పెద్ద పరీక్షల్లో తేలింది. అందుకే డాక్టర్లు 10కి కాస్త అటూఇటూ, 11.5 దాటకుండా నిలుపుతారు. అంటే నెలనెలా రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూడాలి. సూది ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు.

రెండోది ఎముక. ఎండ తగిలిన చర్మంలో పుట్టే విటమిన్ డి కాలేయంలో ఒక మెట్టు ఎక్కుతుంది, చివరి మెట్టు మూత్రపిండంలో. అక్కడ తయారయ్యే కాల్సిట్రియాలే పేగుల్లో కాల్షియాన్ని పీల్చుకోనిస్తుంది. తోటల్లో పొద్దంతా ఎండలో ఉన్నా ఆ చివరి మెట్టు కూలితే ఫలితం ఉండదు. మరోవైపు ఫాస్ఫరస్ బయటికి పోక పేరుకుంటుంది. దాన్ని తగ్గించడానికి ఎముక కణాలు ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోనును పెంచితే, అది మిగిలిన కాస్త కాల్సిట్రియాల్‌నూ అణచేస్తుంది. రక్తంలో కాల్షియం తగ్గడంతో మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకను కరిగించి కాల్షియం రాబడతాయి. నొప్పులు, దురద, విరిగే ఎముకలు, గట్టిపడే రక్తనాళాలు ఈ గొలుసు చివరివి. తిండి నుంచి ఒంట్లో చేరే ఫాస్ఫరస్ మూడు డయాలసిస్‌లలో పోయేదానికన్నా ఎక్కువ కాబట్టి దాన్ని పేగులోనే పట్టేసే మాత్రలు ఇస్తారు. అవి అన్నంతోపాటు మింగితేనే పనిచేస్తాయి. గదిలోని మందుల కవర్ల మీద రోజుకు ఎన్ని అన్నది ఉంది, అన్నంతో అన్న మాట లేదు. ఉద్దానం ప్రజల దురదృష్టం ఇంకొకటి: జీడిపప్పులో ఫాస్ఫరస్ ఎక్కువ, కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. తాము పండించే రెండు పంటలూ డయాలసిస్ రోగికి పడనివే.

మూడోది రక్తపోటు. స్టాక్‌హోమ్‌లో రాబర్ట్ టైగర్‌స్టెట్, పెర్ బెర్గ్‌మన్ 1898లో కుందేలు మూత్రపిండాల రసం ఎక్కించగానే రక్తపోటు పెరగడం చూసి ఆ పదార్థానికి రెనిన్ అని పేరుపెట్టారు. జల్లెడ ముందరి రక్తనాళంలోని కణాలు ప్రవాహం తగ్గిందనిపిస్తే రెనిన్ వదులుతాయి. దానివల్ల పుట్టే యాంజియోటెన్సిన్ నాళాలను బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టెరాన్ వచ్చి ఉప్పును నిలుపుతుంది. జబ్బుపడ్డ మూత్రపిండం రక్తప్రవాహం చాలడం లేదని అవసరం లేకపోయినా రెనిన్ వదులుతూ ఉంటుంది. బీపీ పెరుగుతుంది, పెరిగిన బీపీ మిగిలిన నెఫ్రాన్లను దెబ్బతీస్తుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు ఈ చక్రాన్నే విరుస్తాయి.

నాలుగోది చక్కెర. ఇక్కడే మోసపోవడం తేలిక. గదిలో షుగరు రోగి ఒకాయన తన షుగరు దానంతటదే దిగిపోయిందని, ఇన్సులిన్ సగం చాలుతోందని ఈ వ్యాసకర్తతో సంబరంగా అన్నాడు. దిగడం నిజమే, కారణం సంబరపడేది కాదు. ఒంట్లో పుట్టిన ఇన్సులిన్‌లో చాలాభాగాన్ని కాలేయం ముందే పట్టేస్తుంది. సూదితో ఎక్కించినది కాలేయాన్ని దాటి నేరుగా రక్తంలోకి చేరుతుంది కాబట్టి దాన్ని విరిచే పని ఎక్కువగా మూత్రపిండాలదే. అవి పనిచేయకపోతే ఇన్సులిన్ గంటల తరబడి నిలిచిపోతుంది. రాత్రంతా పస్తున్నాక రక్తంలోకి వచ్చే గ్లూకోజులో సుమారు ఐదో వంతు మూత్రపిండాలు తయారుచేసేది. అదీ తగ్గుతుంది. ఈ రెండూ కలిసి తెల్లవారుజామున షుగరు పడిపోయేలా చేస్తాయి. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి పాత మాత్రలు పేరుకుని ప్రమాదాన్ని పెంచుతాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా వీరిలో నమ్మదగింది కాదు: ఎర్రకణాల ఆయుష్షు తగ్గి, ఎరిత్రోపోయెటిన్ సూదితో కొత్తవి పుడుతుంటే అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. వేలికొన పరీక్షే దిక్కు. విచిత్రమేమంటే ఇదే రోగికి కండరాల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. రక్తంలో ఆమ్లం పెరిగి కండ కరుగుతుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, ఆకలి చస్తుంది. స్త్రీలలో నెలసరి తప్పుతుంది, పురుషులలో టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. పల్లెల్లో వీటిని కిడ్నీతో ముడిపెట్టి అడిగేవారు తక్కువ.

షుగరుకూ కిడ్నీకీ ఉన్న ఈ బంధం రెండువైపులా ఉంది. ఉద్దానం బయట కిడ్నీ జబ్బుకు ప్రధాన కారణం షుగరే. రక్తంలో చక్కెర పెరిగితే నాళికల్లోని ఎస్‌జీఎల్‌టీ-2 అనే వాహకం గ్లూకోజుతోపాటు ఉప్పునూ ఎక్కువగా వెనక్కి లాగుతుంది. ముందుకు వెళ్లే ఉప్పు తగ్గేసరికి మూత్రపిండం ప్రవాహం చాలదనుకుని జల్లెడ ముందరి నాళాన్ని తెరుస్తుంది. ఒత్తిడి పెరిగి జల్లెడ ఏళ్ల తరబడి అరిగిపోతుంది. ఊబకాయంలోనూ ఇలాగే జరుగుతుంది. ఆ వాహకాన్ని అడ్డుకునే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ షుగరు మాత్రలుగానే వచ్చాయి. షుగరు లేని కిడ్నీ రోగుల్లో కూడా క్షీణతను నెమ్మదింపజేస్తాయని 2020, 2022 సంవత్సరాల్లో వెలువడిన పెద్ద పరీక్షలు చూపాయి. గుండె, మూత్రపిండం, జీవక్రియ జబ్బులను వేర్వేరుగా చూడకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో వాటన్నింటినీ ఒకే సిండ్రోమ్ కింద చేర్చింది.

ఇంత తెలిసినా లెక్కకొచ్చేది డయాలసిస్‌ల సంఖ్యే. గదిలోని రిజిస్టరులో రోగి బరువు, బీపీ, యంత్రం నడిచిన గంటలు ఎక్కించే గళ్లున్నాయి. హిమోగ్లోబిన్‌కు, ఫాస్ఫరస్‌కు, పారాథైరాయిడ్ హార్మోనుకు, పొద్దుటి షుగరుకు లేవు. యంత్రాలు కొనడం, భవనాలు కట్టడం కంటికి కనిపించే పని, వాటి అవసరం ఉంది కూడా. మాత్ర ఎప్పుడు మింగాలో చెప్పే మనిషి, మోతాదు సరిచూసే నెలవారీ పరీక్ష, తిండి గురించి రోగి భార్యతోనో కోడలితోనో పది నిమిషాలు కూర్చునే పోషకాహార నిపుణురాలు ఏ ప్రారంభోత్సవంలోనూ కనిపించరు. చేయి అదురును వేళ్లతో పసిగట్టే ఆ టెక్నీషియన్‌కు ఉన్న ఓపికలో సగం ఈ పనులకు దక్కితే చాలు.

డయాలసిస్ దాకా రాకముందు పట్టుకోవడానికి రెండు చవక పరీక్షలున్నాయి. షుగరు, బీపీ ఉన్నవారికి మూత్రంలో ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో పోల్చే పరీక్ష: గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే హెచ్చరిక. ఉద్దానం జబ్బులో మూత్రం శుభ్రంగా కనిపిస్తుంది గనుక అది ఒక్కటే చాలదు. రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసునుబట్టి వడపోత రేటు లెక్కగట్టాలి. సగం పనితనం పోయేదాకా క్రియాటినిన్ అంకె మామూలుగానే కనబడవచ్చు, అందుకే ఒక్కసారి చూసి వదిలేయకూడదు. వడపోత రేటు మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువుంటే జబ్బు ఉన్నట్టే. ఆ రోజు నుంచే హిమోగ్లోబిన్, కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను, షుగరు మందుల మోతాదు కూడా చూడటం మొదలుపెట్టాలి.