ముందు బంగారికి

పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు చెబుతారు. ఇళ్లు ఏడో మూడో గానీ, తల్లిపిల్లి కూనల్ని చోటు మార్చే మాట మాత్రం నిజం. ఒకచోట వాసన ముదిరితే కుక్కలు పసిగడతాయి, గండుపిల్లులు వస్తాయి. అందుకని ఒక్కొక్కదాన్నీ మెడ కరుచుకుని మోసుకుపోతుంది. ఆ తిప్పడంలో ఒకటి రెండు వెనకబడతాయి, ఒక్కోసారి తల్లే ఏ బండికిందో పడుతుంది. తొలకరి జల్లులు పడేనాటికి ఏ అపార్టుమెంటు సెల్లారులోనో, స్కూటరు సీటు కిందో సన్నని అరుపులు వినిపిస్తాయి. మనసున్నవాళ్లు ఒకరు పాత తువ్వాల్లో చుట్టి పైకి తెచ్చుకుంటారు. మంచి పనే. అయితే ఆ ఇంట్లో అప్పటికే ఒక పెద్ద పిల్లి ఉంటే, ఆ మంచి పనికి మూల్యం ముందుగా చెల్లించేది అదే.

మా ఇంట్లో ఆ పెద్ద పిల్లి బంగారి. పదకొండేళ్లది. పొద్దున వంటింటి గడప మీద, మధ్యాహ్నం ఫ్రిజ్ పక్కన, సాయంత్రం బాల్కనీ గ్రిల్లు దగ్గర ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుంటుంది. ఆ చోట్లు దానివి. సెల్లారు నుంచి రెండు నెలల వయసున్న నల్లోడూ చారలమ్మా వచ్చినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అడిగారు: "మీ బంగారి వాటిని దగ్గరికి తీసుకుందా?" ఆ ప్రశ్నలోనే ఉంది చిక్కంతా. తెంగలై శ్రీవైష్ణవులు శరణాగతి గురించి చెబుతూ మార్జాల కిశోర న్యాయం అంటారు. కూన ఏ ప్రయత్నమూ చెయ్యకపోయినా తల్లి తానే నోట కరుచుకుని కాపాడుతుందని. ఆ తల్లి బొమ్మ మన మనసుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, ఆడపిల్లి కనబడితే చాలు కూనల్ని చూసి కరిగిపోతుందనుకుంటాం. బంగారికి ఆ కూనలు ఏమీ కావు. ముక్కూమొహం తెలియని రెండు జీవాలు దాని ఇంట్లోకి వచ్చి పడ్డాయి, అంతే.

మొదటి బిడ్డకు తమ్ముడు పుట్టినట్టే కదా, నాలుగు రోజులు అలిగి సర్దుకుంటుంది అంటారు కొందరు. ఈ పోలిక నాకు మింగుడుపడదు. బిడ్డకైతే నెలల తరబడి అమ్మ పొట్ట మీద చెయ్యి వేయించి చెబుతాం. పిల్లికి ఎవరు చెబుతారు? తలుపు తెరుచుకుంటుంది, ఒక బుట్ట లోపలికొస్తుంది, బుట్టలోంచి పరాయి వాసన వస్తుంది. దాని వైపు నుంచి చూస్తే జరిగింది చొరబాటే.

పిల్లి పుట్టుక గుర్తు పెట్టుకుంటే దాని కోపం అర్థమవుతుంది. ఇంటిపిల్లికి మూలం ఆఫ్రికా అడవిపిల్లి. ఒంటరిగా తిరుగుతూ, తన నోటికి సరిపడా చిన్న ఎలుకల్ని తానే వేటాడుకునే జంతువు. గాదెల్లో ధాన్యం, ధాన్యానికి ఎలుకలు, ఎలుకల కోసం ఇది, అలా మన గుమ్మం దాకా వచ్చింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంతకాలం నుంచీ మనతో ఉన్నా, కుక్కకున్నట్టు గుంపులో బతికే బుద్ధులు దానికి రాలేదు. పోట్లాడిన కుక్కలు తోక ముడుచుకుని, తల వంచి రాజీపడతాయి. పిల్లికి ఆ రాజీ భాష దాదాపు లేదు. గొడవ ముదిరితే దానికి తెలిసిన పరిష్కారం దూరం జరగడమే. చేపల మార్కెట్టు దగ్గర పదీ పరకా కలిసి బతికే పిల్లులు కూడా చాలావరకు తల్లులూ కూతుళ్లూ అక్కచెల్లెళ్లే. ఒకరి కూనలకు ఒకరు పాలిస్తాయి గానీ, పరాయిది వస్తే తరిమికొడతాయి. మూడు గదుల ఫ్లాట్‌లో దూరం జరగడానికి చోటెక్కడిది? ఆ చోటు మనం కల్పించాలి.

"అన్నిట్నీ ఒక గదిలో పెట్టి తలుపేసెయ్యండమ్మా, రెండు రోజులు కొట్టుకుని అవే కలిసిపోతాయి" అని మా పక్క ఫ్లాట్ పిన్నిగారు ప్రేమగానే చెప్పారు. ఇలా చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. దయచేసి వినకండి. అలా మూసిన గదిలో పిల్లులు నేర్చుకునేది ఒక్కటే, ఎదుటిది కనబడితే భయపడాలని. ఆ మొదటి భయాన్ని పోగొట్టడానికి నెలలు పడుతుంది. పైగా పెద్ద పిల్లికి దిగులు ఒంటికి పడుతుంది. బెంగతో మూత్రాశయం వాచి, మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి చుక్క చుక్కగా పోసే పిల్లులున్నాయి. మగపిల్లికైతే మూత్రనాళం మూసుకుపోయి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. తిండి మానేసినా ప్రమాదమే. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని పాడవుతుంది, బొద్దుగా ఉన్నదానికి మరీను. కాబట్టి "అలిగింది, ఆకలేస్తే అదే తింటుంది" అనే మాట పిల్లి విషయంలో చెల్లదు. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

కూనలకు వేరే గది ఇవ్వడం మొదటి పని. అందులోనే వాటి నీళ్లు, అన్నం, ట్రే. ఇది మర్యాద కోసమే కాదు, ఆరోగ్యం కోసం కూడా. వీధి కూనలతో పాటు గోమార్లు, చెవి పురుగులు, తామర, నులిపురుగులు ఏవైనా రావచ్చు. వీటన్నిటికీ మందుంది. అసలు భయం ప్యాన్‌ల్యూకోపీనియా, డాక్టర్లు క్యాట్ పార్వో అనేది. టీకా పడని కూనల్ని రోజుల్లో తుడిచిపెట్టేస్తుంది. వైరస్ లోపల చేరాక లక్షణాలు బయటపడడానికి పది రోజుల దాకా పట్టవచ్చు. కాబట్టి రెండు వారాలు విడిగా ఉంచి, పెద్దదాని టీకాల పుస్తకం కూడా ఒకసారి తిరగేసి, ఆ తర్వాతే పరిచయాల ఆలోచన.

ఆ రెండు వారాలూ ఊరికే పోవు. అసలు పరిచయం అప్పుడే జరుగుతుంది, ముక్కుతో. పిల్లికి బుగ్గల్లో, గడ్డం కింద, పాదాల్లో వాసన గ్రంథులుంటాయి. తలుపు అంచుకీ, కుర్చీ కాలుకీ, మన పిక్కలకీ బుగ్గ రాసుకుంటూ తిరిగేది ఇల్లంతా తన వాసన పూయడానికే. అమ్మ పాత నేతచీర ఒకటి నాలుగు ముక్కలు చేసి ఇచ్చింది. ఒక ముక్కతో కూనల బుగ్గలు మెల్లగా తుడిచి బంగారి తిరిగే దారిలో, దాని పక్కకు కాస్త దూరంగా పరిచాను. ముందు మెడ సాచి, కాళ్లు మాత్రం వెనక్కే ఉంచి వాసన చూసింది. తర్వాత పై పెదవి ముడిచి, నోరు కొద్దిగా తెరిచి, ఏదో చెడ్డ మాట విన్నదానిలా అలా ఉండిపోయింది. తెలియనివాళ్లు అసహ్యం అనుకుంటారు. అంగిట్లో, పై పళ్ల వెనక జాకబ్సన్ అవయవమని ఒకటుంది. ఆ వాసనను అక్కడికి చేర్చి క్షుణ్ణంగా చదువుకుంటోందన్నమాట. చదవడం పూర్తయ్యాక ఒకసారి బుసకొట్టి వెళ్లిపోయింది. ఆ ముక్కను తియ్యలేదు, దాని దగ్గరికి జరపనూ లేదు. కొన్నాళ్లకు దాన్ని తొక్కుకుంటూ నడిచింది. పట్టించుకోకపోవడమే మొదటి మెట్టు. అలాగే బంగారి వాసన ఉన్న ముక్క కూనల గదిలోకి వెళ్లింది. వాటికేం, దాని మీదే ముద్దగా పడుకున్నాయి.

ఇక్కడ ఫినాయిల్ సంగతి చెప్పి తీరాలి. మన ఇళ్లల్లో పిల్లి వచ్చిందనగానే నేల తుడిచే బకెట్‌లో ఇంకో మూత ఎక్కువ పోస్తారు. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ఆ విషం నేరుగా కడుపులోకి పోతుంది. కూనలకైతే మరీ ప్రమాదం. పైగా ఆ ఘాటు పెద్దదాని గుర్తులన్నిటినీ చెరిపేస్తుంది. అసలే పరాయివాళ్లు వచ్చారని బెదిరి ఉన్న పిల్లికి, పొద్దునలేస్తే ఇల్లే తనది కానట్టు వాసనేస్తుంది. పనికి వచ్చే ఆవిడతో చెప్పి గోరువెచ్చని నీళ్లూ కాస్త సబ్బుపొడీ చాలనిపించాం. వాళ్లింట్లోనూ పిల్లి ఉందట, అక్కడా మానేసింది.

తర్వాత తిండి. మూసిన తలుపుకు అటు కూనల పళ్లెం, ఇటు పెద్దదాని పళ్లెం, ముందు బాగా దూరంగా పెట్టి, రోజూ కాస్త కాస్త దగ్గరికి జరపాలి. ఎక్కడ తినడం ఆపి తలుపు వైపు చూస్తుందో ఆ రోజుకు అక్కడ ఆగాలి, అవసరమైతే ఒక అడుగు వెనక్కి. కూనల వాసన వచ్చినప్పుడల్లా ఉడికిన చేపముక్క దొరుకుతుందని దానికి తెలియాలి. ఇక చూపులకు మన ఇళ్లల్లో దేవుడిచ్చిన సాధనం దోమల మెష్ తలుపు. గాలి ఆడుతుంది, మూతి కనబడుతుంది, పంజా తగలదు. కింద సగం దుప్పటి కట్టి, రోజుకింత పైకి చుట్టుకుంటూ పోతే చాలు. బుస కొడితే కొట్టనివ్వండి. "తప్పు, బుజ్జి పాపలు కదా" అని కసరడం, నీళ్లు చిమ్మడం అస్సలు పనికిరావు. బుస అంటే దగ్గరికి రావద్దని చెప్పే మాట. ఆ మాట నోట్లోనే నొక్కేస్తే తర్వాత మిగిలేది గోళ్లే. అరుపూ లేక, కన్ను ఆర్పకుండా, తోక కొన మాత్రం ఆడిస్తూ గురిచూస్తుంటే మాత్రం ఆ పూటకు తలుపు వేసేయాలి.

ఒకే గదిలోకి వదిలాక మొదట కొద్దిసేపే, మనం పక్కనే ఉన్నప్పుడే. కూన ఉరుకుతూ వచ్చి పెద్దదాని తోక మీద పడడం ఖాయం. పెద్దది గోళ్లు లోపలికి ముడిచి నెత్తిన ఒక్కటి వేస్తుంది. బంగారి కూడా నల్లోడికి అలాగే వేసింది. వాడు అడ్డంగా వంగి, ఒళ్లంతా ముళ్లు లేపుకుని నాలుగు గెంతులు గెంతి, చారలమ్మ వెనక దాక్కున్నాడు. రక్తం రానంతవరకు అది చదువే, మధ్యలో దూరకూడదు. ఒక్క కూనకంటే రెండుంటే పెద్దదానికి సుఖమని నేను గట్టిగా నమ్ముతాను. కూనకు రోజంతా కుస్తీ పట్టేవాళ్లు కావాలి. తోడు లేకపోతే ఆ కుస్తీ ముసలిదాని నడుం మీదే. పెద్దదానితో కలిపే ముందు ఈకల కర్రతో కూనల్ని ఆడించి, కడుపు నింపి, సగం నిద్రలో ఉన్నప్పుడు తలుపు తెరిస్తే సగం గొడవ తగ్గుతుంది.

ముసలిదాని నడుం అన్నాను కదా, అది ఊరికే అన్న మాట కాదు. పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలిస్తే తొంభైకి కీళ్ల అరుగుదల కనిపించిందని 2002లో ఒక పరిశోధన వచ్చింది. పిల్లి కుంటదు, మూలగదు, ఎక్కడం మానేస్తుంది, అంతే. మనం బద్ధకించిందనుకుంటాం. కూన మీదపడినప్పుడు చిరాకు పడేది కొంత ఆ నొప్పికే కావచ్చు, కనుక డాక్టరుకు ఆ మాటా చెప్పాలి. తప్పించుకుని ఎక్కే చోటు దానికి తప్పనిసరి. మా బీరువా పైభాగం ఒకప్పుడు బంగారిది. ఎక్కలేక వదిలేసిందని గమనించి, ముక్కాలిపీట, దాని పక్కన టీపాయి, ఆపైన కుట్టుమిషను, ఇలా మెట్లు పేర్చాం. పాత దుప్పటి పరిచిన మర్నాడే అక్కడ కనిపించింది. కూనలకు ఇంకా ఆ ఎత్తు అందదు. అందేలోగా దాని హక్కు స్థిరపడిపోతుంది. ట్రేకి కూడా ఒక పక్క అంచు కోసేసి తగ్గించాం, కాలెత్తి దాటే బాధ లేకుండా. పిల్లులెన్నో అంతకు ఒకటి ఎక్కువగా ట్రేలు ఉండాలంటారు. చోటు లేకపోయినా ఒక్క ట్రే మాత్రం కూనల దారిలో పడని మూలన పెద్దదానికి ఉండి తీరాలి. అన్నాలూ వేరువేరుగా పెట్టాలి. కూనల తిండి బలమైనది, మూత్రపిండాలు నీరసించిన ముసలి పిల్లికి అది పడదు, దాని రుచికి మాత్రం అది ఎగబడుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అమ్మ పెట్టిన నియమం ఒక ఎత్తు. "ఏది చేసినా ముందు బంగారికి." అన్నం ముందు బంగారికి, తలుపు తియ్యగానే పలకరింపు ముందు బంగారికి. కూనల్ని చూడ్డానికి పిల్లలు వస్తే, "ముందు మా పెద్దదానికి నమస్కారం పెట్టి రండి" అని వంటింటి గడప దగ్గరికి పంపేది. పిల్లలు నిజంగానే చేతులు జోడించేవాళ్లు. కూనలు ముద్దొస్తాయి, ఫోన్లన్నీ వాటి వైపే తిరుగుతాయి. రాత్రిపూట మన కాళ్ల దగ్గర పడుకునే హక్కు, పొద్దున్నే వీపు దువ్వించుకునే హక్కు పెద్దదానికి ఎప్పటిలాగే నడవాలి. అవి నడుస్తున్నంతకాలం కొత్తవాళ్లు రావడం వల్ల అది పోగొట్టుకున్నది తక్కువ. నేను అడిగే ప్రశ్న కూడా ఇదే: ప్రేమించిందా అని కాదు, ఏమైనా పోగొట్టుకుందా అని. ఎప్పటిలా తింటోందా, ఎండలో దాని చోట్లో కూర్చుంటోందా, ట్రే వాడుతోందా, ఒళ్లు శుభ్రంగా నాక్కుంటోందా. నాలుగింటికీ అవునంటే అంగీకరించినట్టే. ఒకే బుట్టలో మూడూ చుట్టుకుని పడుకునే ఫొటో రాకపోయినా ఫర్వాలేదు.

బంగారి ఇప్పుడు నల్లోణ్ని ఒక చాప దూరంలో కూర్చోనిస్తోంది. చారలమ్మకు ఇంకా అంత చనువు ఇవ్వలేదు. మధ్యాహ్నాలు బంగారి వైపు కళ్లు సగం మూసి నిదానంగా ఆర్పుతాను, అదీ ఆర్పుతుంది. మనిషి నిదానంగా కళ్లు ఆర్పితే పిల్లీ ఆర్పుతుందని, అలాంటి మనిషి దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడుతుందని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో చూపించారు. కొన్ని ఇళ్లల్లో నెలలు గడిచినా పెద్దది మంచం కిందనుంచి బయటికి రాదు. అప్పుడు ఇంటిని రెండుగా పంచుకుని బతకాలి. లేదంటే కూనలు రెండిటినీ విడదియ్యకుండా మంచి ఇల్లు చూసి పంపాలి, అవి చిన్నవిగా ఉండగానే. దాన్ని ఓటమి అనుకోనక్కర్లేదు. ముందొచ్చినదానికి ఇచ్చిన మాట ముందు నిలబెట్టుకోవాలి.

ఇక మిగిలింది ఆపరేషన్లు. నాలుగైదు నెలలకే ఆడకూన ఎదకు రావచ్చు, అన్నాచెల్లెళ్లన్న వరస పిల్లులకు లేదు. అందుకని అయిదో నెల దాటకుండా చేయించమని మా డాక్టరు మాట. ఆ రోజుకు ఇంకో జాగ్రత్త ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన కూన మందుల వాసనేస్తుంది, నెలలుగా కలిసి ఉన్న పెద్దది కూడా గుర్తుపట్టక మీదపడుతుంది. బుట్టలు నేరుగా హాల్లో తెరవకుండా ఆ రాత్రి వాటి పాత గదిలోనే ఉంచాలి. మత్తు దిగి, తమ ఒళ్లు తామే నాక్కుని పాత వాసన వచ్చాకే మెష్ తలుపు తియ్యాలి. చేపముక్కలు మాత్రం రెండు వైపులా సిద్ధంగా ఉండాలి.