కుందేటి ట్రేలో ఏమి పరవవలెను?

ఇంగ్లండులో కుందేళ్లను పెంచుకొను గృహస్థులు నలుగురొకచోట చేరినచో, సంభాషణము వానను గూర్చి మొదలైనను, తోటను గూర్చి మొదలైనను, తుదకు కుందేళ్లు మలమూత్రములు విడుచు ట్రేలో పరచు పదార్థమునొద్దకే వచ్చి నిలుచును. ఒకరు కాగితపు గుళికలే శ్రేష్ఠములందురు, ఒకరు కట్టెపెల్లెట్లందురు, మరియొకరు ఎండుగడ్డి తప్ప వేరేమియు వలదందురు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను సామెతకు ఇంతకన్న తగిన సభ వేరొకటి యుండదు. మాంచెస్టరు సమీపమున, తడి యారుట యెరుగని యొక వీధిలో, ఇంటిలోపలనే రెండు కుందేళ్లను పెంచుచున్నవాడనగుటచే నేనును ఆ సభలో సభ్యుడనే గనుక, నా మూడుకాళ్ల వాదమును వినిపింపదలచితిని.

అంగళ్లలో ఈ సరకు అరల నిండ నుండును. లావెండరు పరిమళము గలదని యొక సంచి, వారము దినములు ముట్టనక్కరలేదని మరియొక సంచి, తమ గుణములను తామే వర్ణించుకొనుచుండును. ఈ వర్ణనలన్నియు మనుష్యుని ముక్కునుద్దేశించి వ్రాసినవే గాని కుందేటి ముక్కును తలచి వ్రాసినవి కావు. నిలుచున్న మనకు వాసన సోకుటకు ఎంతయో ముందే, ట్రేకు నాలుగంగుళముల యెత్తున సదా అదరుచుండు ఆ చిన్ని నాసికకు అది సోకియుండును. మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టగా అమోనియా పుట్టును. అది శ్వాసమార్గపు సున్నితమైన పొరను చెరుపగా, పాశ్చురెల్లా మొదలైన సూక్ష్మజీవులకు అచట సులభముగా చోటు దొరకి, తుమ్ములును, ముక్కు కారుటయు ఆరంభమగును. పరిమళము అమోనియాను తొలగింపదు. మన ముక్కుకు గంతలు కట్టును, అంతియే.

పిల్లుల కొరకు చేసిన, తడి తగులగనే ముద్దకట్టు బెంటొనైటు మట్టిని కుందేటికి పరవరాదనుటలో నాకు సందేహము లేదు. కుందేలు ఎదుట నున్నదానినెల్ల కొరికి చూచు జంతువు. ట్రేలో ముద్దకట్టునది కడుపులోను ముద్దకట్టగలదు. వాంతి చేసికొను శక్తిని ప్రకృతి దానికీయలేదు. ఇక సీడరు, పైను కలపల చిత్రికపొట్టు ఘుమఘుమలాడుచు, చూచినంతనే సహజమైన శయ్యవలె దోచును. కాని ఎలియట్ వెసెల్ అను శాస్త్రజ్ఞుడు 1967లో ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించిన పరిశోధనము ఆ ఘుమఘుమలపై అనుమానమును రేపినది. అట్టి పొట్టుపై నుంచిన ఎలుకలు నిద్రమందిచ్చినను త్వరగా మేలుకొనుచుండెను. ఏలయన, మందులను విరుగగొట్టు కాలేయపు ఎంజైములను ఆ పొట్టు ఉద్రేకింపజేసియుండెను. ఎలుకకు జరిగినదెల్ల కుందేటికిని జరుగునని ఒక్క మాటలో తేల్చలేము గాని, నిరపాయమైనది దొరకుచుండగా శంకగల దానిని తెచ్చుకొననేల?

నిరపాయమైనది దొరకుచునే యున్నది. గుఱ్ఱపుసాలలలో పరచుటకై అమ్ము కట్టెపెల్లెట్లు, అనగా రంపపుపొట్టును వేడిమిలో గట్టిగా నొత్తి తీసిన కణికలు, పెద్ద సంచులలో చౌకగానే లభించును. వీనిలో నేను మెచ్చుకొను గుణమేమన, తడి తగిలినంతమేర కణిక విచ్చి పొడియై అడుగునకు దిగును, తక్కినది గట్టిగా నిలుచును. కనుక పాత గరిటెతో తడిసిన మూలను మాత్రము తోడివేసి, మిగిలినదానిని ఉంచుకొనవచ్చును. పొయ్యిలో కాల్చుటకమ్ము పెల్లెట్లును చూచుటకిట్లే యుండును గాని, మంటకై వానిలో వేరేమైన కలిపిరేమో సంచిపై చదువక కొనరాదు. కాగితపు గుళికలు మెత్తనివి, తడిని చక్కగా పీల్చునవి, వెల మాత్రము హెచ్చు. పిల్లికి వలె కుందేటి పాదములకు మెత్తలు లేవు, బొచ్చు మాత్రమే కలదు. అరికాలు పుండుపడిన కుందేటికి కాగితమే మేలు. ఏది పరచినను దానిపై ఎండుగడ్డి దట్టముగా నుండవలెను, గడ్డి తొట్టి ట్రేకు ఆనుకొనియే యుండవలెను. ఏలయన, గడ్డి నములుచునే విసర్జించుట కుందేటికి జన్మసిద్ధమైన యలవాటు. మన శౌచాచారమునకిది యెంత విరుద్ధమైనను, ట్రే యలవాటు చేయుటలోని కిటుకంతయు నిందే యున్నది. మారినెల్ హారిమన్ అను అమెరికా వనిత 1985లో కుందేటిని ఇంట పెంచుటను గూర్చి పుస్తకము ప్రకటించిన పిమ్మటనే, పెరటి బోనులోని జంతువు పిల్లివలె గదిలో తిరుగవచ్చునను భావము బాగుగా వ్యాపించినది.

శుభ్రపరచుట యందును అతి పనికిరాదు. ఉదయమున తడిమూల తీయుట, క్రొత్త గడ్డి వేయుట. మూడునాలుగు దినములకొకసారి ట్రేను పూర్తిగా బోర్లించి కడుగుట: ఇది మా యింటి పద్ధతి. కడిగిన ట్రేలో పాతగడ్డి యొక పిడికెడు వేయుదుము. తన వాసన బొత్తిగా పోయినచో కుందేలు తివాచీమీద క్రొత్త సరిహద్దులు నాటుకొనును. ట్రే యడుగున పేరుకొను తెల్లని గట్టిపొర సబ్బుకు లొంగదు. తిండిలోని కాల్షియమును ఇతర జంతువులకన్న అధికముగా గ్రహించి, మిగులును మూత్రముద్వారా విసర్జించుట కుందేటి దేహధర్మము గనుక, ఆ పొర సున్నపురాతి జాతికి చెందినదే. దానిపై వెనిగరు పోసినంతనే చిన్నచిన్న బుడగలు చిటపటలాడుచు లేచును. కొంత తడవు నానబెట్టి చెక్కతో గీచినచో పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చును. వెనిగరు పోసిన ట్రేలో బ్లీచి మాత్రము పోయరాదు. ఆ రెండును కలిసినచో విషమైన క్లోరిను వాయువు పుట్టును.

ట్రే కడుగువానికి కలుగు లాభము, కుందేటి యారోగ్యము వానికే ముందు తెలియుట. శనగగింజంత ప్రమాణమున, పొడిగా, ఎండుగడ్డి రంగున నున్న పెంటికలు దినమునకు వందలకొలది రాలుచున్నంతకాలము చింత లేదు. అవి చిన్నవై, నల్లబడి, తగ్గినచో కుందేలు తిండి మానుచున్నదన్నమాట. సగము దినము ఒక్కటియు కనబడనిచో తెల్లవారువరకు చూతమని కూర్చుండక పశువైద్యుని యొద్దకు పరుగెత్తవలెను. బొచ్చు రాలు ఋతువులో అవి వెండ్రుకలతో గ్రుచ్చిన పూసలై వచ్చును. అప్పుడు దువ్వెనయు, మరికొంత గడ్డియు చాలును. ఆకుకూరలలోని వర్ణద్రవ్యములచే మూత్రము ఒక్కొక్కప్పుడు ఎఱ్ఱగా నుండును. రక్తమని క్రొత్తవారు బెదరుదురు.

వేసవిలో మరియొక భయము కలదు. అశుభ్రమైన తోకచుట్టును పచ్చయీగలు గ్రుడ్లు పెట్టగా, ఒక్క దినములోనే పురుగు పట్టి బ్రతికియున్న కుందేటిని తినివేయును. చలిదేశమని యేమరుటకు వీలు లేదు. పెంపుడు జంతువుల అవసరములను తీర్చుట యజమానుని విధియని 2006 నాటి జంతుసంక్షేమ చట్టము ఈ దేశమున శాసించుచున్నది గాని, ఆ విధి నిత్యము చీపురుతో చేయవలసినదని చట్టములో వ్రాయనక్కరలేదు గదా!

గత వేసవిలో మమ్ము చూడవచ్చిన మా అమ్మ, బాల్యమంతయు పశువుల కొట్టములో పేడ యెత్తినది, నేను ట్రేతో పెరటిలోనికి వచ్చుట చూచి, “ఇంత దూరం వచ్చినా నీకు కసువెత్తడం తప్పలేదురా!” అని నవ్వినది. మరునాటినుండి ఆ పెంటికలను తానే యేరి, గాజుపందిరిలోని గోంగూర కుండీలలో వేయసాగెను. ఆవుపేడ వలె వీనిని మాగబెట్టనక్కరలేదు, నేరుగా మొక్కకు వేయవచ్చును. కట్టెపొడి కలిసినదానిని మాత్రము ఎరువుగుంటలో మాగనీయవలెను.

పిల్లలు మారాము చేయగా కుందేటిని కొనబోవు ప్రవాస మిత్రులకు ఒక మనవి. చక్కగా పెంచినచో కుందేలు ఎనిమిది మొదలు పన్నెండేండ్లవరకు జీవించును; ఈనాడు ముద్దాడు పిల్లలు అంతకుముందే విశ్వవిద్యాలయమునకు పోవుదురు. కనుక ట్రే యెత్తువారెవరో ఇంటిలో ముందుగా తేల్చుకొనుడు. పిమ్మటనే కుందేటిని తెచ్చుకొనుడు.