ఎర్ర వైరు ఎక్కడుంది?

మాది ఇబ్రహీంపట్నం వైపు ఒక పల్లె. వారమంతా హైదరాబాదులో కోడు రాసి, శనివారం ఊరికెళ్ళి ఏదో ఒకటి ఊడదీయడం నా వ్యసనం.

మొన్నీమధ్య గొడ్ల కొట్టంలో 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీ పెట్టాను, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీతో. రాత్రంతా వెలుగుతుందో లేదో లెక్క తేలాలి కదా! కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న పసుప్పచ్చ మీటరు (అదే, అందరి దగ్గరా ఉండే డీటీ-830డీ) తీశాను. ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్లోకి మార్చి, బ్యాటరీ ప్లస్ వైరు విప్పి, ఆ మధ్యలో మీటరు కలిపాను. 0.52 ఆంపియర్లు. కాగితం మీద పదమూడు గంటలు. ఈ రకం బ్యాటరీని పూర్తిగా పిండకూడదు కాబట్టి సగమే అనుకోండి.

ఇంతలో నాయిన వచ్చి, "గట్లనే గా బోర్డుల కరెంటెంతొస్తుందో సూడు రా, మోటరు మూల్గుతుంది" అన్నాడు. సరేనని లేచాను. లేస్తూ లేస్తూ, బ్యాటరీ వోల్టేజీ కూడా చూద్దామని నాబ్ 20 వోల్టులకు తిప్పి రెండు టెర్మినళ్ళకూ ఆనించాను.

టప్పుమని నిప్పురవ్వ! ప్రోబు మొన కరిగింది. వైరు కాలిన కంపు.

నాబ్ తిప్పాను గానీ ఎర్ర వైరు ఇంకా 10 ఆంపియర్ల సాకెట్లోనే ఉంది. ఆ సాకెట్‌కి నాబ్‌తో పని లేదు. దాని వెనక ఉండేది ఒక లావుపాటి తీగముక్క, ఓములో వందో వంతో ఎంతో. కరెంటు దాని గుండా పోవాలి కాబట్టి అడ్డం ఉండకూడదు మరి. వోల్టేజీ కొలిచే దారిలో అయితే పది లక్షల ఓములుంటాయి. అంటే నేను చేసింది బ్యాటరీని షార్టు చేయడం. పైగా ఈ చౌక మీటర్లలో 200 మిల్లీ ఆంపియర్ల వైపే ఫ్యూజుంటుంది, ఇటు ఉండదు. ఆ సంగతి "అన్‌ఫ్యూజ్డ్" అని మీటరు మీదే అచ్చేసి ఉంటుంది, మనం చదివితేగా!

బ్యాటరీ కాబట్టి సరిపోయింది. నేను నేరుగా బోర్డు దగ్గరికే పోయుంటే? 230 వోల్టులు, చేతిలో ఫ్యూజు లేని మీటరు, పక్కన నాయిన. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మన భాషలో చెప్పాలంటే, గ్లోబల్ వేరియబుల్ మార్చి వెనక్కి పెట్టకుండా రిటర్న్ అయిపోవడం. కరెంటు కొలిచేటప్పుడు జాగ్రత్తగానే ఉంటాం, దెబ్బ తగిలేది దాని తర్వాతి కొలతలో. ఇప్పుడు సప్లై ఆపాకే మీటరు మధ్యలో పెడుతున్నాను, మళ్ళీ ఆపాకే తీస్తున్నాను. తీసిన చేత్తోనే ఎర్ర వైరు వోల్టుల సాకెట్లోకి. బ్యాటరీ ప్లస్ దగ్గర 2 ఆంపియర్ల ఫ్యూజొకటి శాశ్వతంగా పెట్టేశాను. చాలాసార్లు అసలు వైరు మార్చే పనే లేదు: దారిలో 0.1 ఓము రెసిస్టరు పెట్టి దాని రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు చూస్తే చాలు, 50 వస్తే అర ఆంపియరు. ఇక 230 వోల్టుల లైన్లో కరెంటు కొలవాలంటే క్లాంపు మీటరే. ఒక్క వైరు చుట్టూ వేయాలి సుమా, రెండూ కలిపి వేస్తే సున్నా చూపిస్తుంది.

మోటరు సంగతా? మర్నాడు ఊళ్ళో ఎలక్ట్రీషియను వచ్చి చూశాడు, 180 వోల్టులే వస్తున్నాయట. నాయిన నా మీటరు వంకా, నా వంకా చూసి ఏమీ అనలేదు.