ఇంట్లో ఎవరూ లేరట!

తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు న్యూజెర్సీలోని తన ఇల్లు చూపిస్తూ, హాలు గోడమీద ఉన్న గుండ్రటి అద్దం బిళ్ల దగ్గర ఆగాడు కొడుకు. ‘‘ఇది థర్మోస్టాట్ నాన్నా. మీరు ముట్టుకోనక్కర్లేదు. ఎప్పుడెంత వేడి కావాలో అదే నేర్చుకుంటుంది’’ అన్నాడు.

ముప్ఫై నాలుగేళ్లు కరెంటు డిపార్టుమెంటులో చేసి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషికి ‘ముట్టుకోకండి’ అన్న మాట ఎంత కష్టమో వేరే చెప్పాలా? అయినా కొడుకు ఇల్లు. ఊరుకున్నారు.

అది 2024 జనవరి. సంక్రాంతి రోజుల్లోనే అక్కడ మంచు పడింది. ఊళ్లో అయితే భోగిమంట చుట్టూ జనం. ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నరకల్లా కొడుకూ కోడలూ చెరో కారులో ఆఫీసులకు వెళ్లిపోతే మిగిలేది ఇద్దరే. కాస్త ఎండ వస్తుందని మేడమీద తమ గదిలో కిటికీ దగ్గర కూర్చునేవారు. పది దాటేసరికి గది చల్లబడేది. పన్నెండింటికి ఆయన మంకీ క్యాప్ పెట్టుకునేవారు. రెండింటికల్లా ఇద్దరూ రగ్గుల్లో దూరేవారు. చిత్రమేమిటంటే, సాయంత్రం పిల్లలు తలుపు తీసే వేళకు ఇల్లు మళ్లీ వెచ్చగా ఉండేది.

‘‘మనం ఉన్నంతసేపూ తగ్గించి, వాళ్లొచ్చే వేళకి పెంచుకుంటున్నారేమోనండీ’’ అందావిడ ఒకరోజు, గొంతు తగ్గించి.

‘‘ఛ, నోర్ముయ్. ఇక్కడ గ్యాస్ బిల్లు ఎంతొస్తుందో నీకు తెలుసా?’’ అన్నారాయన. అన్నారే గానీ, ఆ మాట ఆయన మనసులోనూ నాలుగు రోజులుగా తిరుగుతున్నదే. అడిగితే కోడలేమనుకుంటుందో, ఉండేది ఆర్నెల్లే కదా, సర్దుకుపోదాం అనుకున్నారు. పిల్లల ఇళ్లకు వెళ్లే పెద్దవాళ్లకు ఈ సర్దుకుపోవడం పాస్‌పోర్టుతో పాటే వస్తుంది కాబోలు.

ఒకనాడు తలనొప్పిగా ఉందని కోడలు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. పైకి వెళ్లి చూస్తే అత్తగారు శాలువా మీద శాలువా, మామగారు టోపీ, మేజోళ్లు, రెండు రగ్గులు. కిందికి పరుగెత్తి బిళ్ల చూస్తే 62 అని ఉంది. ఫారెన్‌హీట్ లెక్క అది. మన లెక్కలో పదిహేడుకు లోపే. ఉండాల్సింది 70, అంటే 21.

‘‘మామయ్యగారూ, ఇంత చలిలో ఎందుకు కూర్చున్నారు? ఒక్క ఫోన్ చేయకూడదా?’’ ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూశాక పెద్దావిడ తన అనుమానాన్ని మళ్లీ నోటితో పలకలేదు.

‘‘మిషన్ పాడైంది’’ అని ఆ రాత్రి కొడుకు తేల్చాడు. అప్పుడు పెద్దాయన మెల్లగా అడిగారు: ‘‘మల్టీమీటర్ ఉందా?’’

మర్నాడు కొత్త మీటర్ వచ్చింది. ముందు బ్రేకర్ తీయించారు. తర్వాతే బిళ్లను గోడనుంచి ఊడదీశారు. వెనక సన్నటి తీగలు ఐదు. ఎరుపు కరెంటు తెచ్చేది, తెలుపు వేడికి, పసుపు ఏసీకి, ఆకుపచ్చ ఫ్యానుకు, నీలం తిరుగుదారి. మన ఊళ్లో 230 వోల్టులు, అక్కడ గోడ ప్లగ్గులో 120. ఈ బిళ్లకు వచ్చేది 24 మాత్రమే. కింద బేస్‌మెంట్‌లో ఫర్నేస్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి దాన్ని తగ్గిస్తుంది. తెరా, వైఫై ఉన్న ఇలాంటి బిళ్లలకు ఇరవైనాలుగు గంటలూ కరెంటు అందాలి. పాత ఇళ్లలో ఆ నీలం తీగ ఉండదు. అప్పుడు లోపలి బ్యాటరీ దిగిపోయి బిళ్ల మూర్ఛపోతుంది. ఈ ఇంట్లో నీలం ఉంది, బిగువుగానే ఉంది. మళ్లీ బ్రేకర్ వేసి ఎరుపుకూ నీలానికీ మధ్య మీటర్ పెడితే 26 చూపించింది.

‘‘కరెంటు తప్పు కాదు’’ అన్నారాయన. చాలా ఏళ్ల తర్వాత ఆ మాట అధికారికంగా అనే అవకాశం వచ్చింది పాపం.

తర్వాత ఫర్నేస్ ఫిల్టర్ లాగి చూశారు. దుమ్ముపట్టి నల్లగా ఉంది. గాలి ఆడకపోతే ఫర్నేస్ మరీ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది కాబట్టి దాన్ని మార్చారు. అయినా సోమవారం మళ్లీ అదే చలి. శనివారం మెకానిక్ వచ్చాడు. ఇల్లంతా జనం, హీటరు శుభ్రంగా పనిచేస్తోంది. ‘అంతా బాగుంది’ అని రాసిచ్చి, రాకకు డబ్బులు తీసుకుని వెళ్లాడు. డాక్టరు దగ్గరికి వెళ్లగానే తగ్గిపోయే జ్వరాల సంగతి తెలియనిదెవరికి!

‘‘నేను వంటింట్లోకి దిగితేనే వేడి వస్తోందిరా’’ అని పెద్దావిడ ఈలోగా రెండుసార్లు చెప్పింది. మీటరున్న మగవాళ్లు వినిపించుకోలేదు.

చివరికి విన్నది కోడలే. ‘‘అత్తయ్యా, మళ్లీ చెప్పండి’’ అని, ఫోనులో ఆ వారం లెక్కలు తీసింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పదింటినుంచి ఐదింటివరకూ ఒకటే గుర్తు: ‘ఇంట్లో ఎవరూ లేరు’. మధ్యమధ్య పదకొండింటికో, రెండింటికో కాసేపు ‘ఉన్నారు’. అవి ఆవిడ పప్పు పోపు పెట్టిన వేళలు, టీ కాచిన వేళలు.

సంగతేమిటంటే, ఆ బిళ్ల మనుషుల్ని రెండు విధాలుగా లెక్కపెడుతుంది. ఒకటి, ఇంటి ఖాతాలో నమోదైన ఫోన్లు ఇంటి దరిదాపుల్లో ఉన్నాయా అని. రెండు, తన ఎదుట ఎవరైనా కదిలారా అని. నమోదైనవి కొడుకు ఫోను, కోడలి ఫోను. అవి రెండూ ఆఫీసుకు పోయాయి. మేడమీద రగ్గుల్లో ఉన్నవాళ్లు హాల్లోని బిళ్లకు కనపడరు. కాబట్టి ఇల్లు ఖాళీ! గ్యాస్ ఆదా చేయాలి, పైపుల్లో నీళ్లు మాత్రం గడ్డకట్టకూడదు. అందుకని 62. సాయంత్రం ఫోన్లు ఇంటిదారి పట్టగానే మళ్లీ 70. మిషన్ పాడవలేదు. చెప్పిన పని తూచా తప్పకుండా చేసింది. చెప్పడంలోనే ఇద్దర్ని మరిచిపోయారు.

తొలినాళ్ల థర్మోస్టాట్ ఇంత సొంత తెలివి చూపించలేదు. 1883లో విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే కళాశాల అధ్యాపకుడు పేటెంటు తీసుకున్న పరికరం గది చల్లబడితే గంట కొట్టేది. ఆ గంట విని వేడి పెంచాల్సింది కింద ఉన్న మనిషే.

కొడుకు చాలాసేపు ఫోను వంకే చూస్తూ ఉండిపోయాడు. ‘‘సారీ నాన్నా’’ అన్నాడు.

‘‘దానికేంరా, కరెంటు తప్పు కాదని ముందే చెప్పాగా’’ అన్నారాయన. తాము కొడుకుని ఏమనుకున్నారో మాత్రం చెప్పలేదు. ఆ రాత్రి గదిలో ఆవిడే అంది: ‘‘అడిగేసి ఉంటే పోయేది కదండీ.’’ ఆయన అటు తిరిగి పడుకున్నారు.

మర్నాడు కొడుకు తండ్రి ఫోన్ని కూడా ఖాతాలో చేర్చాడు. ‘‘మరి నేనో?’’ అందావిడ. ఆవిడకు ఫోను లేదు. పైగా ఆయన ఫోను జేబులో వేసుకుని వాకింగ్‌కి వెళితే ఆవిడ మళ్లీ లెక్కలోకి రాదు. దాంతో కోడలు ఆ లెక్కపెట్టడాన్నే ఆపేసింది. పగలూ రాత్రీ 70.

జూన్‌లో వాళ్లు తెనాలి తిరిగొచ్చారు. ఇప్పటికీ ఆదివారం వీడియోకాల్‌లో కొడుకు మొహం కనపడగానే ఆవిడ మొదట అడిగేది ఒక్కటే.

‘‘ఏరా, ఇవాళ మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారటా?’’