వేలానికి వచ్చిన ఇల్లు – చెదల పరీక్ష

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వేలంలో ఇల్లు కొని చూడు అనే మాట వారు చేర్చలేదు. నేడు పత్రికలో బ్యాంకు వేలం ప్రకటన చూచి, బయటి ధర కంటె తక్కువకు ఇల్లు దొరుకుతుందని ఆశపడే మధ్యతరగతి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రెండేండ్ల క్రిందట మా కుటుంబానికీ అట్టి ఆశే కలిగింది.

2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, అప్పు తీరని ఇంటిని బ్యాంకు వేలం వేయవచ్చు. "ఎక్కడున్నది అక్కడే, ఎట్లున్నది అట్లే" అన్న షరతు ప్రకటనలోనే ఉంటుంది. పాట నెగ్గినవాడు ధరావతుతో కలిపి ధరలో 25 శాతం ఆనాడే, లేదా మరుసటి పనిదినానికల్లా కట్టాలి. తక్కిన సొమ్ము అమ్మకం ఖాయమైన 15వ రోజులోగా, లేదా పొడిగించిన గడువులోగా చెల్లించకపోతే కట్టినది కూడ పోతుంది. కావున ఇంటి లోపాలను గురించి అడగవలసినదంతా పాటకు ముందే అడగాలి.

ఆ లోపాలలో కంటికి సులభంగా చిక్కనిది చెద. నేలలోని చెదలు తేమను, చీకటిని విడిచి ఉండలేవు. గోడ వెంబడి సన్నని మట్టి సొరంగాలు కట్టుకొని కర్రను చేరుతాయి; పైపొర మిగిల్చి లోపలి భాగాన్ని తింటాయి. రంగు వేసిన ద్వారబంధం బయటికి నిగనిగలాడుతూనే ఉంటుంది. తెలుగు చెప్పేవాడిని గనుక 'వల్మీకం' నాకు కావ్యాలలో పరిచయమైన మాట. ఆ పుట్టను కట్టే పురుగు శక్తి మాత్రం ఆ ఇంటిలోనే తెలిసింది.

ఇంటిని చూచుటకు బ్యాంకు ఒక రోజు నిర్ణయించింది. మా తమ్ముడు అధికారి అనుమతి తీసికొని, చెదలమందు పనిలో అనుభవం గల ఒక పెద్దాయనను వెంట తెచ్చాడు. బ్యాంకు స్వాధీనం కాగితం మీదనే జరిగింది. ఇంటివారు ఇంకా అక్కడే ఉన్నారు. పరుల కష్టం నడుమ నిలబడి వారి తలుపులను తట్టి చూడడం మాకు సంకోచంగా ఉండెను. అప్పుడు ఆ ఇంటి ముసలమ్మ తానే దగ్గరకు వచ్చి, "వంటింటి వెనుక గోడ చూడండి బాబూ, వానాకాలం రాగానే అక్కడ పుడతాయి" అన్నది.

ఆ మాట విలువ తెలియాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వేలంలో ధర ఎంత పెరిగితే వారి అప్పు అంత తీరుతుంది. అప్పు, ఖర్చులు పోగా మిగిలినది వారికే వస్తుంది. దాచితే లాభం, చెబితే నష్టం. అయినా ఆమె చెప్పింది.

పెద్దాయన స్క్రూడ్రైవరు పిడితో ద్వారబంధాలను తట్టాడు. రెండింటిలో గుల్ల శబ్దం వచ్చింది. ఒకదానిలో మొన సులువుగా దిగింది. తొట్టి వెనుక మట్టి సొరంగాలు, అటక దూలంలో తొర్ర కనబడ్డాయి. గోడల అంచున అడుగుకొకటి చొప్పున రంధ్రాలు చేసి మందు పోయాలని, ఆ రెండు ద్వారబంధాలు, దూలం మార్చాలని ఆయన కాగితం మీద వ్రాసి ఇచ్చాడు. ఆ ఖర్చును మేము ఇవ్వదలచిన ధర నుండి తీసివేసి, ఇంతకు మించి పాడరాదని నిశ్చయించుకొన్నాము. పాట ఆ అంకెను దాటగానే తమ్ముడు ఇంకొక్కసారి పాడతానన్నాడు. "వద్దు నాయనా, అది మీ అబ్బా పింఛను సొమ్ము" అన్నది అమ్మీ. ఆగిపోయాము. పోయినది పరీక్ష రుసుము మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు సంపాదనపరులై ఇండ్లు కొంటారు. వేలానికి ముందు అనుమతి పొంది, పని తెలిసినవానితో కర్ర, గోడ, తేమ గల చోట్లు చూపించుకొనండి. అతని మాటను వ్రాతలో తీసికొనండి. బాగుచేత ఖర్చును ధరలో నుండి తగ్గించి మీ హద్దు ముందే నిర్ణయించుకొనండి. ఇంకొక మాట: మీరు చూడబోయే ఇంటిలో మనుషులుంటే, మొదట వారికి నమస్కరించి, వారి అనుమతి అడిగిన పిదపనే తలుపు తట్టండి.