నీటిలోని కవచము

గడచిన సంక్రాంతికి మేము పుట్టింటికి పోయినప్పుడు, మా తమ్ముడు తెచ్చిన సంచిలో రెండు వింత వస్తువులుండెను. ఒకటి నల్లని రబ్బరు దుస్తులు. రెండవది కన్నులను ముక్కును కప్పు అద్దపు ముసుగు. విశాఖపట్టణమున సముద్రములో మునుగు విద్య నేర్చుకొనుచున్నాననియు, దానినే వృత్తిగా గైకొనెదననియు వాడు చెప్పగా మా యమ్మ చేతిలోని చేట జారినది. ఆమె యేమియు ననక మావైపు చూచినది. పెద్దకూతురవు, నీవే వారింపుమని యా చూపున కర్థము.

మా యింట నీటిభయము ఊరక పుట్టినది కాదు. మాది గుంటూరు సీమలో ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి గ్రామము. మా చిన్నతనమున మిరపతోట బావిలో మోటారు గొట్టము క్రింది ఫుట్‌వాల్వు పూడుకొనగా, మా చిన్నాయన దానిని సరిచేయుటకై ఒంటరిగా మునిగెను. త్రాడు కాలికి చుట్టుకొన్నది. గట్టుపై నొక్కరును లేరు. అది మొదలు మా యమ్మ బావివంక చూడదు.

తమ్మునికి ఈ కోరిక కలిగించినది 2024 సెప్టెంబరు నాటి కృష్ణ వరద. ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చినది. కొట్టుకొనివచ్చిన పడవలు గేట్లకు తగిలి చిక్కుకొనగా, వానిని తొలగించు పనికై విశాఖనుండి డైవర్లు వచ్చి నీటి యడుగున దిగి యినుమును కోసిరి. “అక్కా, మనము తిను బియ్యము ఆ కట్ట నీటితోనే పండును గదా! దానిని కాచినవారిలో వారును గలరు” అని వాడనెను.

వారించుటకు ముందు వస్తువు నెరుగుద మనుకొంటిమి. నీటిలో కన్ను తెరచినచో సర్వము మసకగా నుండుట మనకు తెలిసినదే. కంటి పైపొర గాలిలో వెలుతురును వంచినట్లు నీటిలో వంపజాలదని బడిపంతులైన మావారు వివరించిరి. ముసుగు కంటిముందు కొంత గాలిని నిలుపును గావున చూపు కుదురుకొనును. వస్తువులు మాత్రము ఇంచుమించు మూడవవంతు పెద్దవిగా కనబడును. ముక్కును కప్పుట అలంకారమునకు గాదు. ప్రతి 10 మీటర్ల లోతునకును, భూమిపై మనమీద గాలి మోపునంత ఒత్తిడి మరియొకసారి కూడును. అప్పుడు ముసుగు ముఖమును పీల్చుకొనకుండ ముక్కుతో కొంచెము గాలి వదలవలెను. ముక్కు కప్పని యీతకద్దాలు లోతునకు పనికిరావు.

పరీక్షింపగోరి మేము ముసుగు ధరించి దొడ్డిలోని గాబులో తల ముంచితిమి. ఎన్నడో జారిపడిన మా వెండి మెట్టె యడుగున పెద్దదై తళతళలాడెను! కాని యా సంతసము క్షణమే. అంతవరకు మిరపకాయల తొడిమలు తీసిన చేతులతోనే ముసుగును పట్టుకొంటిమి. ఘాటంతయు లోపలనే నిలిచి కన్నులు మండిపోయినవి.

ఇక దుస్తులు నియోప్రీను అను కృత్రిమ రబ్బరుతో చేసినవి. ఆ రబ్బరు 1930లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ రసాయనశాలలో పుట్టినది. 1950ల తొలినాళ్లలో హ్యూ బ్రాడ్నర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దానితో మునుగువారికి దుస్తులు చేయవచ్చునని తలచెను. నీరు గాలికంటె 20 రెట్లకు పైగా వేగముగా ఒంటివేడిని లాగుకొనును. ఈ రబ్బరులోని సన్నని వాయుబుడగలు ఆ వేడిని నిలుపును. ఇవి తడవని దుస్తులు కావు; లోనికి జొచ్చిన పలుచని నీటిపొర ఒంటివేడికే వెచ్చనగును. రాళ్ల గీరుడునుండియు జెల్లిచేపల మంటనుండియు కాపాడును. అయినను లోతునకు పోవుకొలది బుడగలు నలిగి రక్షణ తగ్గును.

మా తండ్రిగారియొద్ద భారతము చదువుకొన్న నాటి సంగతి జ్ఞప్తికి వచ్చినది. దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగున దాగెను. ఎంత విద్య యున్నను అతడచట నొంటరివాడు. మా చిన్నాయనకు విద్యయు లేదు, కవచమును లేదు, తోడును లేదు. మొదటి రెండును తమ్ముడు సంపాదించుకొనుచుండెను. మూడవదానినే మేము అడుగవలసియుండెను.

కావున వారింపలేదు, ఊరకయు విడువలేదు. వైద్యపరీక్ష చేయించుకొందుననియు, చెవి నొచ్చినచో వెనుదిరుగుదుననియు, ఊపిరి బిగబట్టక మెల్లగా పైకి వత్తుననియు, ఎన్నడును ఒంటరిగా మునుగననియు అమ్మ యెదుట మాట తీసికొంటిమి. సోదరీమణులారా, మీ యింటివారు బావిలో దిగునప్పుడును ఈ కడపటి మాట మరువకుడు.

“నీతో దిగువా రెవరురా?” అని యమ్మ యడిగినది.

“నాతో నేర్చుకొనువా డొకడు దిగునమ్మా.”

“మరి పైన నుండువారు?”

“పడవమీద మా గురువుగా రుందురు.”

అమ్మ చాలసేపు పలుకలేదు. మరునాటి యుదయమున చూతుము గదా, ఆ నల్లని దుస్తులు మంచినీట జాడింపబడి వసారా దండెముపై నీడలో నారుచున్నవి. ఎండ తగిలినచో ఆ రబ్బరు చెడునని తమ్ముడు మాతో చెప్పుచుండగా, పొయ్యిదగ్గర నున్న యామె విన్నదన్నమాట.