పైకప్పు పువ్వు బరువు

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కానూరు దాటాక లోపలి వీధిలో ఒక రేకుల షెడ్డు ఉంది. బయట పేరు రాసిన బోర్డు లేదు. గోడకు ఆనించిన తెల్లటి స్తంభాల తలలు, తామర రేకుల అంచులు, రెక్కలు విప్పిన హంసలే దాని గుర్తు. లోపల పనివాళ్లందరి చేతులూ మోచేతి దాకా తెల్లగా ఉన్నాయి. ఇళ్లకూ కల్యాణ మండపాలకూ పైకప్పు మీద బిగించే పీఓపీ నగిషీలను ఇక్కడ పోస్తారు. హాలు మధ్యలో షాండ్లియర్ చుట్టూ విచ్చుకుని కనిపించే గుండ్రటి పలకను వీళ్లు పువ్వు అంటారు. ఆ పువ్వు పైన ఎలా నిలుస్తుందో దగ్గరుండి చూడాలని వెళ్లాను. పెళ్లి భోజనాల్లో తలెత్తి దాని అందాన్ని మెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఇంత బరువు మన నెత్తిమీద దేని ఆధారంతో ఆగిందని అడిగినవాళ్లను మాత్రం చూడలేదు.

షెడ్డు నడిపే మేస్త్రిది ఉయ్యూరు దగ్గరి పల్లె. అరవైకి దగ్గరపడ్డ మనిషి. నన్ను కూర్చోబెట్టకుండానే నేల మీదున్న ఒక పువ్వు దగ్గరికి తీసుకెళ్లాడు. నాలుగడుగుల అడ్డకొలత, సగటున అంగుళం మందం.

"ఎత్తి చూడండి సార్," అన్నాడు.

ఒక అంచు లేపేసరికే చేతులు బిగిశాయి. ఆరిన తర్వాత ఇది 34 కిలోల దాకా తూగుతుంది. అచ్చులోంచి తీసిన రోజు మాత్రం 50 కిలోలకు దగ్గరగా ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ పదిహేను కిలోలూ నీళ్లే. ఈ వృత్తిలో సగం తెలివి ఆ నీళ్ల లెక్కలోనే ఉందని మేస్త్రి మాటలను బట్టి నాకు అర్థమైంది.

కృష్ణా డెల్టా రైతుకు జిప్సం బాగా తెలుసు. చౌడు తేలిన పొలానికి బస్తాల కొద్దీ చల్లుతాడు. ఆ జిప్సాన్నే 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులో ఇమిడి ఉన్న నీటిలో ముప్పాతిక వంతు ఆవిరై, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అంటే ఈ పీఓపీ పొడి మిగులుతుంది. దానికి మళ్లీ నీళ్లు కలిపితే పోయిన నీటిని లోపలికి తీసుకుని, వేడెక్కి, గడ్డకట్టి రాయవుతుంది. వంద కిలోల పొడి రాయిగా మారడానికి 19 కిలోల లోపు నీళ్లు చాలు. కానీ అంత తక్కువ నీళ్లతో కలిపితే అది అచ్చు మూలల్లోకి పారదు. 70 కిలోల దాకా పోయక తప్పదు. ఎక్కువగా పోసిన ఆ 50 కిలోల నీళ్లూ తర్వాత ఆరి బయటికి పోవాల్సిందే. పోకముందే పైకెక్కిస్తే అనవసరమైన బరువును ఎక్కించినట్టే. పైగా తడి జిప్సానికి ఆరిన జిప్సంలో సగం బలమే ఉంటుంది.

"ముహూర్తాలతోనే సార్ మాకు చిక్కు," అన్నాడు మేస్త్రి. "ఆదివారం గృహప్రవేశం అని బుధవారం వస్తారు. పువ్వు పచ్చిగా ఉందండీ అంటే, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టమంటారు."

నేను వెళ్లినప్పుడు ఒక పువ్వు పోస్తున్నారు. బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాడు తట్టలో నీళ్లు పోసి, పొడిని గుప్పిళ్లతో ఆ నీళ్ల మీద జల్లుతున్నాడు. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. జల్లిన పొడి నానుతూ మునిగి, ఇక మునగకుండా పైన తేలేవరకూ జల్లాలి. అప్పుడే చెయ్యి పెట్టి కలపాలి. మొదటి పూతను సిలికాన్ రబ్బరు అచ్చులోకి కుంచెతో పొడుస్తూ పట్టించాడు. గాలి బుడగ మిగిలితే రేకు కొనలో బెజ్జం పడుతుంది. ఆ పూత ఇంకా మెత్తగా ఉండగానే, దువ్వి విడదీసిన కొబ్బరి పీచును పాలలాంటి ప్లాస్టర్‌లో ముంచి అడ్డంగా, నిలువుగా పరిచాడు. పీచు అంబాజీపేట వైపు నుంచి వస్తుందట. దాని మీద రెండో పూత. ఇదంతా పావుగంటలో తెమలాలి. ఆపైన తట్టలోదే గడ్డకడుతుంది.

పీచు వెయ్యకపోతే పలక ఒక్క దెబ్బకు రెండు ముక్కలవుతుంది. వేస్తే పగిలినా ముక్కలు ఊడి పడకుండా వేలాడతాయి. ఇదే ఆలోచనతో 1856లో లియొనార్డ్ డెసాషీ అనే ఫ్రెంచి కళాకారుడు ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడింది గోనె గుడ్డ. ఆ గోనె కథకు తర్వాత వస్తాను.

బిగించడం చూసింది పెనమలూరులో, కొత్తగా కట్టిన రెండంతస్తుల ఇంట్లో. సరుగుడు బాదులతో పరంజా కట్టి, పైన చెక్కలు పరిచి ఉంచారు. మేస్త్రి మొదట నాలుగు మూలల నుంచి రంగు దారాలు లాగి గది నడిమధ్యను గుర్తించాడు. స్లాబు పోసినప్పుడు పెట్టిన ఫ్యాన్ హుక్కు ఆ గుర్తుకు రెండంగుళాలు పక్కన ఉంది. ఇంటావిడ కిందనుంచి, "హుక్కుకే సరిపెట్టెయ్యండి బాబాయి గారూ, ఎవరికి తెలుస్తుంది?" అంది. ఆయన ఒప్పుకోలేదు. "రోజూ సోఫాలో కూర్చునేది నువ్వేనమ్మా. ముందు తెలిసేది నీకే," అన్నాడు. షాండ్లియర్‌కు నడిమధ్యన కొత్తగా హుక్కు వెయ్యాలని తేల్చాడు.

తర్వాత ఇంటాయన ఫోను అడిగి తీసుకున్నాడు. స్లాబు కాంక్రీటు పడకముందు ఇనుము కట్టినప్పటి ఫోటోలు అందులో ఉన్నాయి. కరెంటు పైపులు ఎటు నుంచి ఎటు వెళ్లాయో చూసుకుని, ఆ దారుల మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీశాడు. అక్కడ డ్రిల్లింగు పడకూడదు. ఇల్లు కట్టించేవాళ్లు ప్రతి స్లాబుకూ ఇలాంటి ఫోటోలు తీసి దాచుకుంటే ఎంత మేలో నాకు అక్కడే అర్థమైంది.

పువ్వు ఆనే మేర రంగు, పుట్టీ మొత్తం గీకేశారు. అడుగున కాంక్రీటు అద్దంలా నున్నగా బయటపడింది. సెంట్రింగు రేకులకు పూసిన నూనె మరకలు ఇంకా ఉన్నాయి. ఆ నున్నదనం మీద, ఆ నూనె మీద ప్లాస్టర్ పట్టదు. సుత్తి, ఉలితో వేలెడు దూరానికొక గంటు చొప్పున కొట్టారు. ఒకచోట సుత్తి తగిలినప్పుడు డొల్లగా మోగింది. లోపల కాంక్రీటు సరిగా కూరుకోలేదన్నమాట. మేస్త్రి ఆ చోటును వదిలేసి, పెట్టబోయే బెజ్జాల వరసనంతా చేతి మందం పక్కకు జరిపాడు.

పువ్వుకు బెజ్జాలు ఎక్కడ వెయ్యాలన్నది పోసేముందే తేల్చుకుంటారు. రేకుల మొదళ్లలో మందం ఎక్కువ కాబట్టి అక్కడే. అంచు దగ్గర వేస్తే చీలిపోతుంది. మొదట తడి ఏమీ లేకుండా పువ్వును ఉత్తగా పైకి ఎత్తి ఆనించి, బెజ్జాల్లోంచి స్లాబు మీద గుర్తులు పెట్టుకుని మళ్లీ దించారు. ఆ గుర్తుల దగ్గర రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలోని దుమ్మును గొట్టంతో ఊది శుభ్రం చేశారు. దుమ్ము మిగిలితే ఫాస్ట్‌నర్ గోడలను పట్టదు, జారుతుంది. ఎనిమిది ఫాస్ట్‌నర్లు వేశారు. 34 కిలోలకు ఎనిమిది ఎందుకని అడిగాను. "రెండు చాలు సార్. కానీ ఆ రెండూ సరిగా పట్టాయో లేదో లోపలికి వెళ్లి చూసేదెవరు?" అన్నాడు.

బోల్టులన్నీ జింకు పూత ఉన్నవే. మామూలు ఇనుప మేకును తడి జిప్సం తినేస్తుంది. సిమెంటు కాంక్రీటులో ఇనుముకు దొరికే రక్షణ జిప్సంలో దొరకదు. మొదట రంగు మీద గోధుమ మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చకు మళ్లీ రంగేసి సంతోషపడతారు. లోపల మేకు సన్నబడుతూనే ఉంటుంది.

అసలు ఘట్టం పది నిమిషాల్లో అయిపోయింది. ముందుగా స్లాబునూ పువ్వు వీపునూ తడిపారు. పొడిగా ఉంటే అవి కొత్త ప్లాస్టర్‌లోని నీళ్లను పీల్చేసి దాన్ని పిండిగా మిగులుస్తాయి. వీపు మీద ముద్దలు ముద్దలుగా ప్లాస్టర్ పెట్టి, నలుగురూ పరంజా మీద ఒక్కసారిగా లేచారు. బోల్టులు బెజ్జాల్లోంచి బయటికొచ్చాయి. వెడల్పాటి వాషర్లు, వాటి మీద నట్లు. ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా, చేత్తోనే బిగించాడు మేస్త్రి. స్పానరు పెట్టి బిగిస్తే ప్లాస్టర్ నలిగిపోతుంది. చుట్టూ అంచుల్లోంచి తెల్లటి ముద్ద సమంగా ఉబికి వచ్చింది. రసమట్టం పెట్టి చూసి, టీ ఆకారంలో మేకులు కొట్టిన బాదులు రెండు కింద ఊతగా నిలబెట్టారు. ప్లాస్టర్ గట్టిపడ్డాక, వాషర్ల మీద పీచు ముద్దలు ప్లాస్టర్‌లో ముంచి అదిమారు. వాటి మీద చిన్న రేకుతో తామర రేకుల గీతలు మళ్లీ చెక్కారు. కింద నుంచి చూస్తే బిగింపు జాడే లేదు.

షాండ్లియర్ హుక్కు విడిగా స్లాబులోకే వెళ్లింది. పువ్వు నడిమి రంధ్రానికీ ఆ కడ్డీకీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉంది. దీపం బరువు పువ్వు మీద పడకూడదు, దీపం ఊగినా పువ్వుకు తగలకూడదు. ఇంటింటికీ ఈ ఒక్క సంగతి చాటాలనిపించింది. పువ్వుకే హుక్కు తగిలించి దీపం వేలాడదీసిన ఇళ్లు ఉన్నాయని మేస్త్రి చెబుతుంటే ఆయన గొంతులో కోపం దాగలేదు.

గమ్ముతో అతికించి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. థర్మాకోల్ లాంటి తేలికపాటి నగిషీలకు అది సరిపోతుంది. పీఓపీ పువ్వుకు గమ్ము ఒక్కటే వాడటం తప్పని నా గట్టి అభిప్రాయం. గమ్ము పట్టుకునేది స్లాబును కాదు, దాని మీది రంగును. మన ఎండలకు పై అంతస్తు స్లాబు పగలు కాలి, రాత్రి చల్లారి, రోజూ కొద్దిగా సాగి ముడుచుకుంటుంది. వానాకాలం ఎక్కడో చెమ్మ దిగుతుంది. రంగు పొర ఒకనాడు వదిలేస్తుంది. జిప్సం బోర్డు ఫాల్స్ సీలింగుకైతే ఇంకా జాగ్రత్త కావాలి. అరంగుళం బోర్డుకు ఏ బోల్టూ ఆగదు. బోర్డు వెయ్యకముందే, పైన స్లాబు నుంచి విడిగా వేలాడే చట్రాన్ని పువ్వు కోసం కట్టుకోవాలి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మేస్త్రి పాత ఇళ్ల సంగతి చెప్పాడు. ఆయన తండ్రి డంగు సున్నం పని చేసినవాడు. గుల్ల సున్నాన్ని వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో గానుగాడి, కరక్కాయ నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి మెదిపేవారట. దూలాలు, దంతెలు, వాటి మధ్య ఇటుకలు పేర్చిన మద్రాసు టెర్రాసు ఇళ్లు దివిసీమలో, బందరులో ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో కొత్త పువ్వు పెట్టమంటే ఆయన ముందు దంతెలను వెతుకుతాడు. మర మేకు టేకు కర్రలోకే దిగాలి. ఇటుకలోకి దిగితే ఆ ఇటుకే రాలిపోతుంది. కర్రకు చెద పట్టి ఉంటే పువ్వు వద్దని చెప్పి వచ్చేస్తాడు.

ఇక గోనె కథ. లండన్‌లోని అపోలో థియేటర్‌ను 1901లో తెరిచారు. దాని పైకప్పు ప్లాస్టర్‌ను, చెక్క చట్రానికి ప్లాస్టర్‌లో ముంచిన గోనె కట్లతో వేలాడదీశారు. నూరేళ్లకు పైగా ఆ కట్లు ఎవరి కంటా పడలేదు. 2013 డిసెంబరు 19 రాత్రి నాటకం నడుస్తుండగా ఒక భాగం జనం మీద పడింది. డెబ్బైమందికి పైగా గాయపడ్డారు. కాలం గడిచేకొద్దీ గోనె పుచ్చిపోయింది. ఆ తర్వాత అక్కడి థియేటర్ల పైకప్పులను పైనుంచి క్రమం తప్పకుండా పరీక్షించే పద్ధతి బలపడింది. మన దగ్గరే, 2019 మే నెలలో చార్మినార్ మినారు మీది సున్నపు నగిషీ ముక్క ఊడి పడింది. 1591 నాటి కట్టడం కాబట్టి పురావస్తు శాఖ వచ్చి చూసింది. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు పొడవునా ఉన్న కల్యాణ మండపాల పైకప్పుల్లోకి ఎక్కి చూసేవారు ఎవరు?

ఈ ప్రశ్న అడిగితే మేస్త్రి తన ఫోనులో ఫోటోలు చూపించాడు. ఆయన బిగించిన ప్రతి పువ్వుకూ, పీచు ముద్దలు కప్పకముందు తీసిన ఫోటో ఉంది. బోల్టులు ఎక్కడున్నాయో, గోడ నుంచి ఎంత దూరమో టేపు పెట్టి మరీ తీశాడు. ఇంటివాళ్లకు పంపిస్తాడు. మండపాలకైతే ఒక మూల మనిషి దూరేంత తలుపు పెట్టమని అడుగుతాడు. రెండేళ్లకోసారి టార్చి పట్టుకుని లోపలికి వెళ్లి కట్లు, తుప్పు, చెమ్మ చూసి రావచ్చు. కొందరు అందం చెడుతుందని ఒప్పుకోరు. అలాంటివాళ్లకు ఆ తలుపు మీదే నగిషీ పోసి, మూస్తే కనబడకుండా చేసిస్తున్నాడిప్పుడు. నేను బయల్దేరే వేళకు అలాంటిదే ఒకటి, గుడివాడ వైపు మండపానికట, ఎండకు ఆరబెట్టి ఉంది.